మీట నొక్కిన తరువాత

రిమోటుకు ‘దూరనియంత్రిక’ అని నాకు నేనే ఒక మాట కట్టుకున్నాను. మాట బాగానే కుదిరింది గాని, ఆ వస్తువే మా ఇంట చాలాకాలం కుదురుకోలేదు. దూరం ఉన్నది, నియంత్రణమే లేదు.

2007లో సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని, నేనే ఒక కంప్యూటరును కూర్చి, పద్మారావునగర్‌లోని మా ఇంటి హాల్లో టీవీకి తగిలించాను. నాన్నగారు ఏళ్ళ తరబడి క్యాసెట్లలో దాచుకున్న ఘంటసాల పద్యాలూ, బాలమురళి కీర్తనలూ అందులోకి ఎక్కించాను. అప్పటికి ఆయనకు డెబ్బై ఆరేళ్ళు; కుడిచేయి సన్నగా వణికేది. కుర్చీలోంచి లేవకుండా, ఎవరినీ అడగకుండా ఆయన పాట వినాలని నా కోరిక.

మొదటి సాయంత్రమే చిక్కు వచ్చిపడింది. పగలు చక్కగా పనిచేసిన రిమోటు దీపం వెలిగించగానే మూగబోయింది. బ్యాటరీలు మార్చాను. “మీరు సూటిగా పట్టుకోవడం లేదు నాన్నా” అన్నాను. నాలుగు రోజులకు గాని అసలు దోషి దొరకలేదు. రిమోటు కంటికి కనిపించని పరారుణ కాంతిని సెకనుకు సుమారు 36 వేల సార్లు మినుకుమనిపిస్తూ సంకేతం పంపుతుంది. మేము కొత్తగా పెట్టిన సీఎఫ్‌ఎల్ దీపం కూడా సెకనుకు వేల సార్లు మినుకుమనేదే. ఆ రొదలో రిమోటు మాట యంత్రానికి వినబడలేదు. 1955లో జెనిత్ సంస్థ కోసం యూజీన్ పాలీ రూపొందించిన ‘ఫ్లాష్‌మాటిక్’ రిమోటు కథా ఇటువంటిదే. అది మామూలు వెలుగుతో పనిచేసేది. టీవీ మీద ఎండ పడినా ఛానెళ్ళు మారిపోయేవి.

దీపం చోటు మార్చాను. రెండవ చిక్కు అంత సులభంగా తీరలేదు. కాసేపు పని లేకపోతే కంప్యూటరు కునుకు తీసేది. నాన్నగారు మీట నొక్కితే అయిదారు సెకన్లు ఉలుకూ పలుకూ ఉండేది కాదు. ఆయన మళ్ళీ నొక్కేవారు, మరోసారి నొక్కేవారు. అది మేలుకుని, ఆ నొక్కులన్నీ గుర్తుపెట్టుకుని, ఒక్కుమ్మడిగా అమలు చేసేది. కోరిన కీర్తన కళ్ళముందే దాటిపోయేది.

“ఒక్కసారి నొక్కి ఆగండి నాన్నా!” రోజూ ఇదే నా పాఠం.

“నొక్కినట్టు దానికి తెలిసిందని నాకెలా తెలుస్తుందిరా?” అన్నారాయన ఒకనాడు. నేను జవాబు చెప్పలేదు.

క్రమంగా ఆయన రిమోటు ముట్టడం మానేశారు. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా హాల్లో ఊరికే కూర్చునేవారు. ఎవరినీ అడగనక్కరలేదనుకున్న ఏర్పాటు, ఆయన్ను అడగడం కూడా మానిపించింది.

ఒక ఆదివారం నేను లోపలి గదిలో ఏదో వ్రాసుకుంటుంటే హాల్లోంచి పిలిచారు. వినబడింది, వాక్యం ముగించి వెళదామనుకున్నాను. మళ్ళీ పిలిచారు. మూడవసారికి విసురుగా వెళ్ళి, “ఒకసారి పిలిస్తే వినబడుతుంది నాన్నా” అన్నాను.

“వినబడితే ‘ఆఁ’ అనవచ్చు గదరా” అన్నారు, మెల్లగా.

మా చిన్నప్పటి వాల్వు రేడియో జ్ఞాపకం వచ్చింది. అదీ మీట తిప్పగానే పలికేది కాదు, వాల్వులు వేడెక్కాలి. అయినా ఎవరమూ మళ్ళీ మళ్ళీ తిప్పలేదు. తిప్పగానే స్టేషన్ల పలక వెనుక చిన్న దీపం వెలిగేది. ఆ వెలుగు చూస్తూ నాన్నగారు నిబ్బరంగా కూర్చునేవారు.

ఆ రాత్రి కూర్చుని, మీట నొక్కీ నొక్కగానే స్పీకరులో ‘టిక్’మని చప్పుడయ్యేట్టు, మొదటి నొక్కు తరువాత వెంటవెంటనే వచ్చేవాటిని పట్టించుకోకుండా ఉండేట్టు కంప్యూటరులో మార్పులు చేశాను. మరునాడు నాన్నగారు ఒక్కసారి నొక్కారు. టిక్‌మన్నది. రిమోటు ఒడిలో పెట్టుకుని, పాట వచ్చేదాకా ఎదురుచూశారు.

ఆయన 2011లో వెళ్ళిపోయారు. మరుసటి ఏడు ఆ కంప్యూటరూ పాతసామాన్లలో పోయింది. రిమోటు మాత్రం నా బల్ల సొరుగులో ఉన్నది. లోపలి గదిలోంచి ఎవరైనా పిలిస్తే, చేతిలో పని ఉన్నా సరే, ముందు ‘ఆఁ’ అంటున్నాను.