ఊట నీళ్లు పై వీధికి ఎందుకు రావు?

సైన్స్ ఫెయిర్ అనగానే మన పిల్లలు ముందుగా అడిగేది థర్మోకోల్ అట్ట. తర్వాత రంగు కాగితాలు, గమ్ము, చిన్న మోటారు. కొండ దిగి సంతకు వెళితే గాని ఇవి దొరకవు. డబ్బున్నవాళ్లు తయారుగా ఉన్న నమూనానే కొని ఇచ్చేస్తారు. బల్ల మీద రాకెట్టు నిలబడుతుంది. పక్కన పిల్లవాడు నిలబడి బట్టీ పట్టిన నాలుగు ముక్కలు అప్పజెబుతాడు. ఎవరైనా ఎదురు ప్రశ్న వేస్తే తల దించుకుంటాడు.

పాడేరు ఏజెన్సీలో మాది చిన్న కొండ ఊరు. మా అన్న కూతురు ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి చదువుతోంది. ఫిబ్రవరి 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి ఏదైనా నమూనా తేవాలని చెప్పి సంక్రాంతి సెలవులకు ఇంటికి పంపారు. ఏం చెయ్యాలో చెప్పమని మమ్మల్ని, అంటే చిన్నాన్నని, పిన్నిని, అడిగింది. మేము తిరిగి ఆమెనే అడిగాం: “మన ఊళ్లో నీకు అర్థం కానిది ఏముంది?”

కాసేపు ఆలోచించి, “మన కుళాయికి మోటారు లేదు, కరెంటు లేదు. నీళ్లెలా వస్తున్నాయి? కింది వీధికి వచ్చేవి పై వీధికి ఎందుకు రావు?” అంది.

రెండో ప్రశ్న ఊరందరిదీ. కొండ మీద ఊట నుంచి పైపు వేసి, ఊరి పైన ట్యాంకు కట్టి, రెండు వీధులకూ కుళాయిలు పెట్టారు. పొద్దున్నే కింది వీధిలో బిందెలు నిండేవి. పై వీధి కుళాయి బుస్సుమని ఊరుకునేది. కింది వీధివాళ్లు కావాలనే నీళ్లు ఆపుతున్నారని పై వీధివాళ్ల అనుమానం. దాని మీద మాటా మాటా పెరిగి, పండగపూట కూడా పలకరింపులు లేకుండా పోయాయి.

ముందు ఎత్తులు కొలవమన్నాం. మేస్త్రీల దగ్గరుండే నీటిమట్టం పైపు, గుర్తులు పెట్టిన వెదురు కర్ర తీసుకుని, తమ్ముణ్ణి వెంటేసుకుని కొలిచింది. ట్యాంకు నుంచి కింది వీధి కుళాయికి పది మీటర్ల దిగుడు. పై వీధి కుళాయికి ఒక్క మీటరే. పది మీటర్ల ఎత్తు నీరు చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో బరువుతో నొక్కుతుంది. ఒక మీటరైతే అందులో పదోవంతే.

కొండను పుట్టమన్నుతో కట్టింది. ఊటకు నీళ్ల సీసా, ట్యాంకుకు ఎండిన ఆనపకాయ బుర్ర, పైపులకు సెలైన్ గొట్టం. మొదటిసారి నీళ్లు మధ్యలో ఆగిపోయాయి. గొట్టం ఒకచోట మెట్ట ఎక్కి దిగుతోంది. “గాలి పట్టింది” అన్నాడు తాత. ఊట పైపు ఆగినప్పుడల్లా పెద్దలు అనే మాటే అది. మాకు సాయం చెయ్యాలని చేతులు లాగాయి గాని ఊరుకున్నాం. రెండు రోజులు కుస్తీ పట్టి, మెట్ట మీద చిన్న గొట్టం నిలబెట్టి, దాని మూతి సీసాలోని నీటి మట్టం కంటే ఎత్తున ఉంచింది. గాలి బయటికి పోయింది. నీరు ఒలకలేదు.

సెలవులు అయ్యేలోపు రెండు వీధులవాళ్లనూ పిలిచి చూపించింది. తెలుగులో కాదు, మా ఇంటి భాషలో చెప్పింది. కింది కుళాయి మూస్తే పై కుళాయి పారింది. కింది కుళాయి తెరవగానే పైది సన్నబడి ఆగిపోయింది. “ఎవరూ ఆపడం లేదు. ట్యాంకు మీకు దగ్గరే గాని ఎత్తు చాలదు” అంది పై వీధివాళ్లతో. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత పై వీధి పెద్దావిడ తనే ముందుకొచ్చి కుళాయి మూసి, తెరిచి చూసింది. తెల్లారగానే ముందు పై వీధి, వాళ్ల బిందెలు నిండాక కింది వీధి అని ఆ సాయంత్రమే వంతు పెట్టుకున్నారు.

ఎత్తు నుంచి దిగే నీటి బలంతోనే మన కొండల్లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955 నుంచి నడుస్తోంది. దాని జలాశయం కింద ఆదివాసీల ఊళ్లు మునిగాయి. ఆ ముంపు కథ పెద్దలు చెబుతారు. ఆ యంత్రం ఎలా తిరుగుతుందో కూడా మన పిల్లలకు తెలియాలి. తెలిసినవాళ్లే రేపు కొత్త ప్రాజెక్టు వస్తుందంటే నిలబడి లెక్క అడగగలరు.

ఫెయిర్‌లో మా పిల్లకు బహుమతి రాలేదు. మట్టి కొండ కంటే రంగుల థర్మోకోల్ అందంగా కనబడింది. అయినా చూడవచ్చినవాళ్లు అడిగిన ప్రతి ప్రశ్నకూ కుళాయి తిప్పి చూపిస్తూ జవాబు చెప్పింది.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. నమూనాల జాబితా ఇచ్చే ముందు, మీ ఊళ్లో అర్థం కానిది ఏమిటని పిల్లల్ని అడగండి. కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ మనక్ పథకంలో పిల్లల సొంత ఆలోచన ఎంపికైతే నమూనా చెయ్యడానికి 10,000 రూపాయలు ఇస్తారు. ఇలాంటి ప్రశ్నలు దానికి పంపండి. తల్లిదండ్రులు పుట్టమన్ను తెచ్చి ఇస్తే చాలు. గొట్టం అమర్చే పని పిల్లలకే వదిలెయ్యండి.