విశాఖ తీరమున ఒక సాయంకాలము

గత జ్యేష్ఠమాసమున మా అక్కగారిని చూచివత్తమని విశాఖపట్టణమునకు బోయితిని. అక్క కూతురు భౌతికశాస్త్రము ప్రధానముగా బి. ఎస్సీ. రెండవ సంవత్సరము ముగించి సెలవులలో నున్నది. ఆ యింట నొక వివాదము నడచుచుండెను. ఇప్పుడే కళాశాల విడిచి వాణిజ్యనౌకలలో నధికారి యగుటకు శిక్షణాలయమున జేరెదనని పిల్ల; పట్టము చేతికి రానిదే గడప దాటనీయనని తల్లి. తీర్పు చెప్పు భారము నాపై బడినది.

సాయంకాలము ముగ్గురమును సముద్రతీరమునకు బోయితిమి. దక్షిణమున డాల్ఫిన్ నోస్ అను కొండ నీటిలోనికి జొచ్చుకొనిపోయి, 1933లో తెఱచిన రేవునకు అడ్డుగోడవలె నిలిచియున్నది. స్వాతంత్ర్యము వచ్చిన పిదప నీట దిగిన మొదటి పెద్దయోడ ‘జల ఉష’ను 1948 మార్చిలో జవహర్‌లాల్ నెహ్రూగారు సాగనంపినది ఈ యూరనే. ఉత్తరపు మిట్టలమీద, 1926లో స్థాపింపబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయము. ఒక వంక చదువులమిట్ట, ఒక వంక ఓడలరేవు. నడుమ మా పిల్ల.

“పిన్నీ, మన విశాఖ యాడపడుచు స్వాతిగారు భూగోళమును చుట్టి రాలేదా?” అనినది.

నిజమే. 2017 సెప్టెంబరు 10న ఆర్గురు నౌకాదళ స్త్రీలు 55 అడుగుల ‘తారిణి’ అను తెఱచాప నౌకపై గోవా విడిచి, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, ఫాక్‌లండు దీవులు, దక్షిణాఫ్రికా రేవులను దాకి, 2018 మే 21న తిరిగి వచ్చిరి. వారిలో హైదరాబాదు ఐశ్వర్యగారును గలరు.

“వారందఱును చదివి నౌకాదళాధికారులైనవారే తల్లీ. అంతకుముందు మారిషసు వఱకు బోయివచ్చి చేయి తిప్పుకొనిరి. సముద్రము చదువు మానిన వారికి చుట్టము గాదు,” అంటిని.

అక్క ముఖము వికసించెను. అంతట నామెవంక దిరిగి, “పట్టమున్నంతమాత్రమున ఓడ నడుపనీయరక్కా. ఏడాది శిక్షణ, ఆపైన పదునెనిమిది నెలలు ఓడపై కొలువు, పిదప ప్రభుత్వ పరీక్ష. అది గెలిచినవారికే యోగ్యతాపత్రము. భౌతికశాస్త్రమున బి. ఎస్సీ. ముగించినవారికిని ఆ దారి తెఱచియే యుండును. ఒక్క యేడు ఆగుమని యడుగుము, వలదని మాత్రము చెప్పకుము,” అంటిని.

“ఏడాదిలో నీవు నా పెండ్లి కుదుర్చవు గదా?” అని పిల్ల తల్లి నడిగెను. అక్క మాటలాడలేదు. వివాదమునకు మూలమేదో నాకప్పుడు తెలిసినది.

సోదరీమణులారా, మా యమ్మగారి తరమున ఆడుపిల్ల కళాశాలకు బోవుటయే సముద్రయానమంత సాహసము. ఆ సాహసముతో మనకు దక్కిన పట్టమును మన బిడ్డలకు సంకెల చేయవచ్చునా?

ఓడకొలువునకు కంటిచూపు, రంగుల గుర్తింపు ముఖ్యములు. అవి లేనిచో వాదమే వ్యర్థమని, మఱునాడు కంటివైద్యునికడకు బోయితిమి. బిడ్డ కన్నులు బాగుండవలెనని మ్రొక్కవలెనో, ఏదైన లోపము బయటపడవలెనని మ్రొక్కవలెనో తెలియక అక్క గుమ్మముకడ కూర్చుండెను.

పిల్ల నవ్వుచు బయటకు వచ్చెను. అక్క చెంగుతో కన్నులొత్తుకొని, “ఏడాది చదువు ముగించుము. పెండ్లి మాట నేనెత్తను. రేవుకడకు నేనే వచ్చి సాగనంపెదను,” అనెను.