పడే బరువు, తిరిగే చక్రం

చక్రాన్ని కదిలించుట కష్టం. కదిలిన పిదప ఆపుట కూడా అంతే కష్టం. ఈ మొండితనానికి మన తెలుగు పాఠ్యగ్రంథాలు జడత్వ భ్రామకమని పేరిడినవి. మాలోని ఉర్దూ మిత్రులు జడత్వాన్ని ‘జుమూద్’ అంటారు. పేరేదైనా దానిని త్రాసులో తూచలేము. ద్రవ్యరాశి ఎంత అన్నదే కాక, అది ఇరుసుకు ఎంత దూరాన ఉన్నదన్నది కూడా లెక్కకు వస్తుంది. కనుకనే ఫ్లైవీలులో ఇనుమును అధికంగా అంచునకే చేరుస్తారు.

మా ప్రయోగశాలలో గోడకు బిగించిన చక్రపు ఇరుసు వ్యాసార్ధం 1.5 సెంటీమీటర్లు. దానికి దారం 8 చుట్లు చుట్టి, కొసన అర కిలో బరువు కట్టి వదిలాము. అది సుమారు 75 సెంటీమీటర్లు దిగి నేలను తాకగానే దారం ఇరుసు నుండి జారిపోయింది. ఆపైన చక్రం తనంత తానే 40 సార్లు తిరిగి 50 సెకన్లలో ఆగింది. అంచున సుద్దగీత గీసి, ఒకరు ఉర్దూలోను, ఒకరు తెలుగులోను లెక్కించారు. రెండు లెక్కలు కలిసినప్పుడే అంకెను వ్రాసుకొన్నాము.

తక్కిన ప్రయోగాలలో ఘర్షణను ఉపేక్షింపుమంటారు. ఇచ్చట దానినే సాక్షిగా పిలుస్తారు. చక్రాన్ని ఆపినది ఘర్షణ ఒక్కటే. కావున ఒక్కొక్క చుట్టుకు అది చక్రపు శక్తిలో నలుబదవ వంతు హరించినదన్నమాట. బరువు దిగునపుడు తిరిగిన 8 చుట్లలోనూ అదే రేటున తీసుకొన్నది. బరువు ఇచ్చిన 3.69 జౌళ్ళలో ఆరవ వంతు ఇట్లు పోయింది. బరువు తన వేగానికై ఉంచుకొన్నది అత్యల్పం. వేగం క్రమంగా తగ్గి సున్న అయినందున ఆరంభవేగం సగటుకు రెట్టింపు, అనగా సెకనుకు సుమారు 10 రేడియన్లు. లెక్క తేలగా జడత్వ భ్రామకం 0.061 కిలోగ్రాం-చదరపు మీటరు. ఘర్షణను విస్మరించి ఉంటే 0.073 వచ్చేది.

పూర్వ విద్యార్థుల రికార్డొకటి ఏటేటా చేతులు మారుతూ ఉంటుంది. దానిని చూచి అంకెలు దించుకొనువారికి ఈ చక్రం లొంగదు. మరుసటి వారం బేరింగులకు నూనె వేశారు. చుట్లు 56కు, కాలం 68 సెకన్లకు పెరిగినవి. ఘర్షణ వాటా ఎనిమిదవ వంతుకు తగ్గింది. చూచిన అంకెలన్నీ మారినా ఫలితం మాత్రం 0.060 వచ్చింది. ఆ 0.001 భేదానికి స్టాప్‌వాచీ నొక్కుటలో అర సెకను ఆలస్యం చాలును.