పిల్లలకి మౌత్‌వాష్ కొనేముందు

మెడికల్ షాపులో రంగురంగుల సీసాలు చూసి పిల్లలకి మౌత్‌వాష్ కొంటున్న అమ్మానాన్నలకి ఒక మాట. ఆరేళ్లలోపు వాళ్లకి వద్దు. ఆ వయసులో పుక్కిలించి ఉమ్మడం సరిగ్గా రాదు, తియ్యగా ఉంటే గుటుక్కున మింగేస్తారు. మా అక్కవాళ్ల చిన్నాడికి ఇప్పుడు మామూలు నీళ్లతోనే నేర్పిస్తున్నాం. బుగ్గలు పొంగించాలి, అటూ ఇటూ తిప్పాలి, సింకులోకి ఉమ్మాలి. సగం నీళ్లు ఇంకా గొంతులోకే పోతున్నాయి. అది ఆగేదాకా సీసా మాటే లేదు.

ఆరు దాటాక కొన్నా, సీసా వెనక్కి తిప్పి చదవండి. ఆల్కహాల్ ఉండకూడదు. రోజూ వాడే ఫ్లోరైడ్ రకంలో సోడియం ఫ్లోరైడ్ మామూలుగా 0.05 శాతం ఉంటుంది. క్లోర్‌హెక్సిడిన్ అని కనిపిస్తే మాత్రం డెంటిస్టు రాస్తే తప్ప వాడొద్దు. వాడగా వాడగా పళ్లకి గోధుమరంగు పట్టేస్తుంది.

ఇంకోటి, చాలామందికి తెలియనిది. బ్రష్ చేసిన వెంటనే పుక్కిలించకూడదు. మౌత్‌వాష్‌లో కంటే పేస్టులోనే ఫ్లోరైడ్ ఎక్కువ, అది కాస్తా కొట్టుకుపోతుంది. స్కూలు నుంచి వచ్చి ఏదైనా తిన్నాక అయితే మేలు. ఆ తర్వాత అరగంట ఏమీ తిననివ్వకండి, తాగనివ్వకండి.

నల్లగొండ, ప్రకాశం వైపు బోరునీళ్లు తాగే ఇళ్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ చాలా ఊళ్ల భూగర్భజలంలో ఫ్లోరైడ్ ముందే ఎక్కువ. పళ్లు లోపల తయారవుతున్న వయసులో అది అతిగా ఒంట్లోకి పోతే, వచ్చే పళ్లే మచ్చలతో వస్తాయి. మీ పిల్లలు ఏ నీళ్లు తాగుతున్నారో డెంటిస్టుకి చెప్పి, అడిగి, అప్పుడే మొదలుపెట్టండి.