ఒక చాయ్... కూర్చునే చోటు

హైదరాబాద్‌లో తిండికి కొదవలేదు. కడుపు నింపుకోవడానికి జేబును బట్టి వంద దారులు. కానీ తిన్నాక కాసేపు కూర్చుని కబుర్లాడుకోవాలంటేనే చోటు వెతుక్కోవాలి. తెల్లారుజామున నహారీతో మొదలుపెట్టి రాత్రి ఐస్‌క్రీమ్‌ దాకా ఓ ఆదివారం నగరాన్ని అలా చుట్టొస్తే...

తెల్లవారుజాము ఐదు. సూర్యుడింకా రాలేదు. నయాపూల్ దాటగానే మసాలా, ఎముకల పులుసు కలిసిన వాసన ముక్కుపుటాలకు తగులుతుంది. నయాబ్ లాంటి హోటళ్లలో అప్పటికే బల్లలన్నీ నిండిపోయి ఉంటాయి. రాత్రంతా సన్నని సెగమీద ఉడికిన నహారీ పెద్దపెద్ద డేగిశాల్లోంచి పింగాణీ గిన్నెల్లోకి దిగుతుంటుంది. ‘నహార్’ అంటే పగలు. పొద్దున్నే తినేది కాబట్టి నహారీ. మేక కాళ్లు, నాలుక ముక్కలు, పైన తేలే నెయ్యి, పక్కన నాలుగు మూలలు తేరిన నాన్... దాన్నే చార్‌కోనీ నాన్ అంటారు. ముంచుకుని తినాలి, చెంచాతో తాగకూడదు. ఎనిమిదింటికి వచ్చి ‘నహారీ ఉందా’ అనడిగితే సర్వర్ జాలిగా చూస్తాడు.

శాకాహారులు నిరాశపడనక్కర్లేదు. వాళ్ల కోసం మొజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండీ ఉంది. ఆటోడ్రైవర్లు, రాత్రి డ్యూటీ దిగిన కుర్రాళ్లు, అప్పుడే సినిమా ముచ్చట్లు ముగించిన కాలేజీ పిల్లలు... అందరూ పెనం చుట్టూ చేరతారు. వెన్న, ఉప్మా పడిన దోసె పెనం మీద కరకరలాడుతుంటే ప్లేటు చేతికొచ్చేదాకా మాట పెగలదు. తినడం మాత్రం నిలబడే!

మూల మీది హోటల్

చార్మినార్ పక్కనే నిమ్రా. అక్కడ కప్పూ సాసరూ పట్టుకుని నిలబడితే ఎదురుగా నాలుగు మినార్లు, పక్కన మక్కా మసీదు. పావురాలు లేచినప్పుడల్లా చాయ్‌లో దుమ్ము పడకుండా అరచెయ్యి అడ్డంపెట్టుకునే వాళ్లను చూస్తే పాత కస్టమర్లెవరో ఇట్టే తెలిసిపోతుంది.

ఇరానీ చాయ్ తయారీయే వేరు. మన ఇళ్లలోలా పాలూ నీళ్లూ పొడీ కలిపి మరిగించరు. డికాక్షన్ ఒక పాత్రలో, పాలు మరో పాత్రలో. మూతపెట్టిన గిన్నెలో టీ పొడి సన్నసెగ మీద మగ్గుతుంది. పాలు చిక్కబడేదాకా మరుగుతూనే ఉంటాయి. రెండూ కలిసేది కప్పులోనే. పాలు ఎక్కువ కావాలంటే ‘పౌనా’ అనాలి. చక్కెర మరీ ఎక్కువైతే ‘ఖడా చమ్మచ్’... అంటే చెంచా నిలబడేంత తీపి అన్నమాట! పక్కన ఉస్మానియా బిస్కెట్. కొంచెం ఉప్పు, కొంచెం తీపి. అది చాయ్‌లో ముంచి నోట్లోకి చేర్చేలోపు విరిగి కప్పులో పడకుండా చూసుకోవడం ఒక విద్య.

ఇరాన్ నుంచి ముంబై, పుణె మీదుగా బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఈ హోటళ్లు పెట్టారు. నిజాం కాలంలోనే అవి నగరంలో పాతుకుపోయాయి. చాలావరకు వీధి మూలల్లోనే కనిపిస్తాయి. వీధిపోటు ఉన్న జాగా కలిసిరాదని స్థానిక వ్యాపారులు వదిలేస్తే, రెండు వైపులా జనం కనిపించే చోటు ఇంతకంటే ఏముందని వీళ్లు తీసుకున్నారని చెబుతారు. ఎవరికి శూలమైందో ఎవరికి వరమైందో!

పాలరాతి పలక బల్లలు, వంపు తిరిగిన చెక్క కుర్చీలు, గోడకు అద్దాలు, గల్లాపెట్టె వెనక మాటలు తక్కువైన యజమాని. ఒక్క చాయ్ చెప్పి గంటసేపు కూర్చున్నా ఎవరూ లెమ్మనరు. అదే ఇరానీ హోటల్ అసలు సరుకు. చాయ్ దానికి టికెట్ మాత్రమే. పేపరు ఒకటే ఉంటుంది, దాని పేజీలు నాలుగు బల్లల మీదికి పంచుకుపోతాయి. యూనియన్ నాయకులు, పెళ్లి సంబంధాల పేరయ్యలు, ఇళ్ల బ్రోకర్లు, కవులు... ఆఫీసు అద్దె కట్టలేని వాళ్లందరికీ అదే ఆఫీసు. ఆబిడ్స్‌లోని ఓరియంట్ హోటల్లో మఖ్దూం మొహియుద్దీన్ లాంటి కవులు గంటలకొద్దీ కూర్చునేవారని పాత తరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ హోటల్ ఇప్పుడు లేదు.

ఓరియంట్ ఒక్కటే కాదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందుగా పోయేది మూల మీది కొట్టే. ఒకప్పుడు వరమైన మూలే శాపమైంది. మిగిలిన వాటిని స్థలం ధర మింగేసింది. ఇరవై రూపాయలకు అటూ ఇటూగా అమ్మే చాయ్‌తో, మనిషికో గంట కుర్చీ ఇచ్చి, నగరం నడిబొడ్డున అద్దె కట్టడం లెక్క కుదిరే వ్యాపారం కాదు. అందుకే కొన్నిచోట్ల కుర్చీలు తీసేసి నిలబడి తాగే బల్లలు వేశారు. కొన్ని బేకరీలయ్యాయి, కొన్ని బిర్యానీకి మారాయి. పేరున్నవి మాత్రం అద్దాల గదులు కట్టి, అదే చాయ్‌కి ఎన్నో రెట్లు పుచ్చుకుంటున్నాయి. అక్కడా జనం కిటకిటే. రుచిలో వంక పెట్టడానికి లేదు. కానీ పేపరు చదువుతూ కూర్చున్న పెద్దాయన మాత్రం కనిపించడు.

ఇంకో మాటా చెప్పుకోవాలి. ఈ హోటళ్ల మీద బెంగ పెట్టుకునే వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే! ఆడవాళ్లకు అక్కడ దక్కింది ‘ఫ్యామిలీ రూమ్’ అని రాసిన ఓ తెర, దాని వెనక గాలాడని నాలుగు బల్లలు. ఒంటరిగా ఓ అమ్మాయి వెళ్లి పౌనా చెప్పి పేపరు తిరగేస్తే హోటలంతా తలతిప్పి చూసేది. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ ప్రదేశాల్లో పొగతాగడం నిషేధించాక ఆ పొగ మబ్బు తేలిపోయింది. ఇప్పుడు ఆ అమ్మాయిలు కొత్త అద్దాల కేఫుల్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని దర్జాగా కూర్చుంటున్నారు. పాతవన్నీ మంచివి, కొత్తవన్నీ డాబు అనేసే ముందు ఆ తెర గుర్తుంచుకోవాలి.

సింగిల్, ఫుల్, జంబో

మధ్యాహ్నం బిర్యానీ. ఇందులో చర్చకు దిగితే సాయంత్రం దాకా తెమలదు. ఆబిడ్స్‌లో 1935 నుంచి ఉన్న గ్రాండ్ హోటల్ అని ఒకరంటే, 1953లో ఓ సినిమాహాలు క్యాంటీన్‌గా మొదలైన సికింద్రాబాద్ ప్యారడైజ్ అని ఇంకొకరు, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ బావర్చీ ముందు ఎవరైనా దిగదుడుపే అని మరొకరు. పచ్చి మాంసాన్నే మసాలా, పెరుగు పట్టించి, పైన సగం ఉడికిన బియ్యం పరిచి, మూతకు పిండి చుట్టి దమ్ చెయ్యడం ఇక్కడి పద్ధతి. మాంసం, మెతుకు ఒకేసారి ఉడకాలి. ఆ అంచనా తప్పితే ఎంత పేరున్న హోటలైనా ఒకటే.

నలుగురున్న కుటుంబం వెళ్తే జరిగే తతంగం తెలిసిందే. ‘రెండు ఫుల్ చాలు’ అంటాడు నాన్న. ‘సరిపోదండీ’ అంటుంది అమ్మ. సర్వర్ పెన్ను పట్టుకుని వేచి ఉంటాడు. చివరికి ఒక జంబో, ఒక ఎక్స్‌ట్రా రైస్, సాలన్ రెండోసారి. ఇంతలో వెనక నిలబడ్డ మరో కుటుంబం చూపు మీ ప్లేట్ల మీదే! ఖుబానీ కా మీఠా చెప్పాలా వద్దా అన్నది నాలుక కాదు, ఆ చూపే తేలుస్తుంది.

ఈ బాధ లేనిది మండీలోనే. యెమెన్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బుల వారసులుండే బార్కస్ నుంచి ఈ వంటకం నగరమంతా పాకింది. కింద పరుపు మీద బాసింపట్టు వేసుకుని అందరూ ఒకే పళ్లెంలో తినాలి. ఎంగిలి అని జంకే నాయనమ్మలకు విడిగా ప్లేటు ఇస్తారు లెండి.

గోకుల్ చాట్ ముందు

సాయంత్రం కోఠి. పుస్తకాలు కొనుక్కున్న పిల్లలు, చీరల సంచులతో అమ్మలు గోకుల్ చాట్ దగ్గర ఆగుతారు. 2007 ఆగస్టు 25న ఇక్కడా, లుంబినీ పార్కులోనూ బాంబులు పేలి 40 మందికి పైగా చనిపోయారు. కచోరీ తింటూ నిలబడ్డ మనుషులు వాళ్లు. ఏళ్లు గడిచినా కోఠి వైపు వెళ్లే పిల్లలకు ‘జాగ్రత్త’ చెప్పే ఇళ్లున్నాయి. దుకాణం మళ్లీ తెరుచుకుంది, జనం మళ్లీ వచ్చారు. అదే ఇరుకు, అదే పుదీనా వాసన.

పగలే చీకటి

ఆదివారం పేజీలో బార్ల సంగతేమిటని ముఖం చిట్లించకండి. ఊళ్లో సగం మంది సాయంత్రాలు అక్కడే గడుస్తాయి మరి. పాత బార్లలో మిట్టమధ్యాహ్నం కూడా రాత్రే. కూర్చోగానే అడక్కుండా వచ్చే ‘స్టఫ్’... ఉడికించిన శనగలు, కీరా ముక్కలు, మరమరాలు. నిజం చెప్పాలంటే ఊళ్లో మంచి వేపుళ్లు కొన్ని ఆ చీకట్లోనే పుట్టాయేమో అనిపిస్తుంది. అపోలో ఫిష్, చికెన్ మెజెస్టిక్ అక్కడ తిన్నంత రుచిగా పక్కనే వెలుగులో ఉన్న రెస్టారెంట్లో ఉండవు. పార్శిల్ ఇంటికొస్తే పిల్లలు పండగ చేసుకుంటారు. ఎక్కడిదో నాన్న చెప్పడు, అమ్మ అడగదు!

ఆమె ఎప్పుడూ అడగకుండా ఊరుకుందనుకుంటే పొరపాటు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమమే రాష్ట్రాన్ని మద్యనిషేధం దాకా నడిపించింది. 1995 జనవరిలో షాపులు మూతపడ్డాయి, 1997లో మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. ఇప్పుడు జూబ్లీహిల్స్, గచ్చిబౌలిలో అక్కడికక్కడే బీరు తయారుచేసి పోసే చోట్లకు కుటుంబాలతో సహా వస్తున్నారు. వెలుతురుంది, గాలుంది, పిల్లలకు ఫ్రెంచ్‌ఫ్రైస్ ఉన్నాయి. సంగీతం హోరులో ఎదుటి మనిషి మాట వినిపించదు, అంతే. పాత బార్‌లో కనీసం అప్పుల గురించి గుసగుసలాడుకోవచ్చు.

రాత్రి పది. చుట్టుచుట్టి మళ్లీ మొజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, మరమ్మతుల తర్వాత 2020లో మళ్లీ ముస్తాబైంది. లోపల ఐస్‌క్రీమ్ దుకాణాల్లో చేత్తో చేసే రకాలన్నీ కాలాన్ని బట్టే... ఎండాకాలం మామిడి, చలి మొదలయ్యేవేళ సీతాఫలం. కప్పు కొనుక్కుని ఆవరణలోకి వచ్చి చూస్తే కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. ఓ తాతయ్య లేచే ప్రయత్నంలో ఉన్నాడని పసిగట్టి, రెండు కుటుంబాలు చెరోవైపు నుంచి మెల్లగా జరుగుతున్నాయి. ఆయనేమో మనవడి కప్పులో అడుగున మిగిలింది గీకి తినిపిస్తున్నాడు, తొందరేం లేనట్టు.