మత్తు సూదికి ముందే మొదలయ్యే పని

హైదరాబాద్‌లో క్యాన్సర్ ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టర్ని నేను. నా పనిలో సగం థియేటర్ బయటే, ఓపీ గదిలో జరుగుతుంది. గడ్డ తీయడానికి తేదీ ఖాయం కాగానే సర్జన్ రోగిని ‘ఫిట్‌నెస్’ కోసం నా దగ్గరికి పంపుతారు. ఈసీజీ, ఎక్స్‌రే, రక్త పరీక్షల కాగితాలు చూపించి సంతకం పెట్టించుకుని వెళ్లిపోవచ్చని చాలామంది వస్తారు. నేను కూర్చోబెడతాను. ఆపరేషన్‌కి ముందు రెండు మూడు వారాలు రోగి ఎలా గడిపాడన్నది తర్వాత కోలుకోవడంలో తెలిసిపోతుంది.

తరచూ రోగి కంటే ముందు కొడుకో అల్లుడో లోపలికొస్తారు. “డాక్టర్ గారూ, అమ్మకి క్యాన్సరని చెప్పలేదండీ. చిన్న గడ్డ అన్నాం. మీరూ అలాగే అనండి.” ప్రేమతో అడిగే మాటే. కానీ ఆవిడ కూర్చున్న వరండా నిండా క్యాన్సర్ రోగులే. పక్కనున్న వాళ్లతో మాట్లాడకుండా ఎవరూ ఉండరు. ఆవిడకు తెలుసు. పిల్లలు బెంగపడతారని ఆవిడ బయటపడదు, ఆవిడ బెంగపడుతుందని పిల్లలు బయటపడరు. ధైర్యం చెప్పుకోవాల్సిన రోజుల్లో ఇంట్లో ఎవరి బాధ వాళ్లదే అవుతుంది.

పెద్ద ఆపరేషన్‌కి ఈ దాపరికం పనికిరాదు. నోటి క్యాన్సర్‌నే తీసుకోండి. దవడలో కొంత భాగం తీసేసి, కాలి ఎముక ముక్కతో మళ్లీ కట్టాల్సి రావచ్చు. గంటల తరబడి సాగే పని. మెలకువ వచ్చేసరికి గొంతు దగ్గర ఊపిరి గొట్టం, ముక్కులో ఆహారపు గొట్టం, కాలికి కట్టు ఉంటాయి. మాట రాదు. ముందుగా చెప్పకపోతే ఆ మనిషి హడలిపోయి గొట్టాలు పీకేసుకోబోతారు. అందుకే ఆ గొట్టాలు ముందే చేతికిచ్చి చూపిస్తాను. “లేచాక కొన్నాళ్లు మాట రాదమ్మా. నొప్పైతే ఈ చెయ్యి ఎత్తు, ఊపిరి కష్టమైతే మంచం తట్టు” అని సైగలు నేర్పుతాం. చదువు రాని వాళ్లకు బొమ్మల అట్ట ఉంటుంది: నొప్పి, దాహం, చలి, మూత్రం, ఇంటివాళ్లు. ముందు రోజు సాయంత్రం దగ్గరివాళ్లను కూర్చోబెట్టి వాటితో మాట్లాడిస్తాం.

ఉత్తరాంధ్ర తీర గ్రామాల నుంచి వచ్చే పెద్దావిడల్లో అడ్డపొగ తాగినవాళ్లుంటారు. వెలిగే కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం వల్ల అంగుట్లో పుండు పడి, అది క్యాన్సరవుతుంది. “రావాల్సింది వచ్చేసింది, ఇప్పుడు మానేసి ఏం లాభం బాబూ?” అని అడుగుతారు. లాభం ఉంది. ఒక్క రోజు మానినా రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ తగ్గుతుంది. నాలుగు వారాలు మానితే ఆపరేషన్ తర్వాత నిమ్ము చేరే ప్రమాదం తగ్గుతుంది, గాయం త్వరగా మానుతుంది. దాంతోపాటు ఊపిరితిత్తుల వ్యాయామానికి మూడు బంతుల గొట్టం ఇస్తాం. చాలామంది దాన్ని ఊదుతారు. ఊదకూడదు, నెమ్మదిగా గాలి లోపలికి పీల్చి బంతుల్ని పైన నిలపాలి. ఓపికున్నంత వరకూ రోజూ నడవాలి.

ఆపరేషన్ అనగానే పథ్యమంటూ పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించి చారన్నం పెట్టే ఇళ్లున్నాయి. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పెట్టగలిగినంత పెట్టండి. ఆరు నెలల్లో ఒంటి బరువులో పదో వంతు తగ్గిపోయిన రోగికి వీలైతే ముందు బలం పట్టించి, తర్వాతే ఆపరేషన్ చేస్తాం. మింగలేని వాళ్లకు ముక్కు గొట్టంతోనైనా ఆహారం ఇస్తాం. వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని తీసుకురండి. రక్తం పలచబడే మాత్రలు, షుగరు మాత్రలు, నాటువైద్యుడిచ్చిన పసరు, అన్నీ నాకు తెలియాలి. ఏది ఆపాలో, ఎప్పుడు ఆపాలో మేం చెబుతాం. మీ అంతట మీరు ఆపొద్దు.

“రాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదండీ” అని నీరసంతో వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. మామూలుగా అన్నం, టిఫిను లాంటివి మత్తుకు ఆరు గంటల ముందు ఆపితే చాలు, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకూ తాగొచ్చు. గొంతు, పొట్ట ఇబ్బందులున్నవాళ్లకు లెక్క వేరు, అది విడిగా చెబుతాం.

ఆడవాళ్లకు అన్నిటికంటే కష్టమైన ఘడియ పుస్తెలు తీయడం. థియేటర్లో కరెంటుతో కోసే పరికరం వాడతాం, ఒంటి మీద లోహముంటే చర్మం కాలొచ్చు. పసుపుకొమ్ము కట్టిన తాడు వేసుకోమంటాం. మెడ దగ్గర ఆపరేషనైతే ఆ తాడు చేతికి కట్టుకోనిస్తాం. తీయమని గద్దించడానికి నిమిషం చాలు. కారణం చెప్పి, ఆవిడ చేత్తో ఆవిడే తీసుకునేదాకా ఆగడానికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు మనం ఇవ్వాల్సినవే.

చివరికి అందరూ అడిగేది ఒక్కటే: “మత్తులోంచి లేస్తానా?” ఈ భయానికి నేను చరిత్ర కూడా చెబుతాను. 1846లో బోస్టన్‌లో తొలిసారి అందరి ముందూ ఈథర్ మత్తిచ్చి చేసింది కూడా మెడ మీద గడ్డ ఆపరేషనే. 1888, 1889లలో నిజాం సొమ్ముతో హైదరాబాద్‌లోనే, క్లోరోఫాం మత్తు ఎంత సురక్షితమో పరీక్షించిన క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. తొలి మహిళా మత్తు వైద్యురాలిగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్జీ చదువుకున్నదీ ఈ ఊళ్లోనే. ఇప్పుడు గుండె, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్ క్షణక్షణం తెరమీద కనిపిస్తాయి. ప్రమాదం అసలే లేదని మాత్రం నేనెప్పుడూ అనను. ఆ రోగికి ఉన్న ప్రమాదమేమిటో, దానికి మేం ఏం సిద్ధం చేశామో చెబుతాను. “కత్తి పెడితే పాకుతుందట” అనేవాళ్లకు, గడ్డను చుట్టూ కొంత మంచి కండతో సహా తీసేస్తారని, అది ఎక్కువగా పాకేది ఆలస్యం చేసినందువల్లేనని వివరిస్తాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ తేదీ ఖాయమైతే, వాళ్లకు నిజం చెప్పండి. రక్తమిచ్చేవాళ్లను ముందే చూసుకోండి. మత్తు డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు సందేహాలన్నీ కాగితం మీద రాసుకుని రండి. వాటిని అడిగే అవకాశం మాత్రం రోగికే ఇవ్వండి.