ఖాళీది

మా తాతగారిది కోనసీమ. కొబ్బరికాయల సొమ్ముతో రాత్రివేళ అమలాపురం నుంచి ఒంటరిగా రావలసివచ్చేది. పొడుగు తుపాకీ వద్దని, రొంటిన దోపుకొనేంతటి పాత రెమింగ్టన్ డెరింజర్‌ను ఏరికోరి కొన్నారట. ఒకదానిపై ఒకటిగా రెండు గొట్టాలు, రెండే తూటాలు. మీట తిప్పితే గొట్టాలు పైకి లేస్తాయి. ట్రిగ్గరుకు అడ్డుకడ్డీ ఉండదు.

ఫిలడెల్ఫియాలో తుపాకులు చేసిన హెన్రీ డెరింజర్ పేరే ఈ జాతికి స్థిరపడింది. 1865లో లింకన్‌ను కాల్చినది ఆయన చేసిన ఒంటిగుండు పిస్తోలే.

రెమింగ్టన్ వీటి తయారీని 1935లో ఆపేసింది. తూటాలు అరుదైపోయాయి. ఎన్నికలొస్తే ఠాణాలో అప్పగించడం, మళ్ళీ తెచ్చుకోవడం మాత్రం మిగిలింది.

నా పదో ఏట, భోగినాడు, "ఖాళీదే కదా" అంటూ దాన్ని చెల్లెలి వైపు గురిపెట్టాను. తాతగారు అరవలేదు. మెల్లగా నా చేతిలోంచి తీసుకుని గొట్టాలు ఎత్తారు. కిందిదానిలో తూటా ఉంది! ముందురాత్రి దొంగల అలికిడికి, మిగిలిన ఆ ఒక్కటీ తానే పెట్టి మరిచిపోయారట.

ఆయన చేతులు వణకడం అదే మొదటిసారి చూశాను. ముక్కనుమ వెళ్ళగానే పిస్తోలును ఠాణాలో ఇచ్చేశారు. మళ్ళీ తెచ్చుకోలేదు.

ఇప్పటికీ ఎవరైనా దేన్నైనా "ఖాళీదేనండీ" అంటే, ముందు తెరిచి చూస్తాను.